ఉద్వాసన వేళ సంతకము

ఉద్యోగము పోయిన దినమున మనస్సు నిలుకడగా నుండదు. ఆ సమయముననే యజమాని యొక కాగితము ముందుంచి సంతకము కోరును. శ్రోతలారా! అది రాజీనామా పత్రమైనచో, తొలగింపునకు రావలసిన పరిహారమును మన చేతితో మనమే వదలుకొన్నట్లగును.

ఏడాది నిండిన కార్మికుని తొలగించునపుడు ఒక నెల నోటీసుగాని, బదులు జీతముగాని యిచ్చి, ఏడాదికి 15 దినముల సగటు వేతనము చెల్లింపవలెనని 1953లో పారిశ్రామిక వివాదముల చట్టమున చేర్చిరి. 2020 నాటి పారిశ్రామిక సంబంధముల కోడు కూడ ఆ కొలతనే నిలిపినది. ఆరు నెలలు మించిన భాగమును పూర్తి యేడాదిగా లెక్కింతురు. 10 ఏండ్ల 7 నెలలు పనిచేసినవానికి 11 ఏండ్లకుగాను 165 దినముల వేతనము రావలెను. మేనేజరు వంటివారు తమ నియామక పత్రములోని షరతులను చూచుకొనవలెను.

గ్రాట్యుటీ, ప్రావిడెంటు ఫండు ఇదివరకే ఆర్జించిన సొమ్ము. వానిని పరిహారముతో కలిపి పెద్ద మొత్తముగా చూపినచో, పద్దుల వారీగా వ్రాసి యిమ్మని యడుగుడు. చట్టము చెప్పినది కనీసపు మొత్తము. బేరము అచ్చటనుండి పైకి సాగవలెను.

రెండు దినముల గడువు కోరుట అవిధేయత కాదు. ఆ వ్యవధిలో ఇంటివారితో కూర్చుండి, యూనియనువారికి చూపి, లెక్క సరిచూచుకొనుడు. సంతకము ఆ పిమ్మటనే చేయుడు.