జారిపడటం కూడా పని ప్రమాదమే
(పెదకూరపాడులో మహిళా కూలీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పల్నాటి ఎండల్లో మంచు మీద జారిపడటం గురించి మాట్లాడతానంటే మీకు నవ్వు రావచ్చు. కానీ మనం పండించే మిర్చి నిల్వ ఉండేది గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలలోనే. గది తలుపు తెరవగానే బయటి వేడిగాలి లోపలికి పోయి, చల్లని నేల మీద చెమ్మ పడుతుంది. గొట్టాల మీద పేరుకున్న మంచు కరిగి కారుతుంది. దానిమీద కాయల తుక్కు పడితే నేల సబ్బు పూసినట్టు ఉంటుంది. భీమవరం, కాకినాడ, విశాఖపట్నం ప్రాంతాల రొయ్యల ఫ్యాక్టరీలలో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. ఐసు ముక్కల మధ్య, తడి నేల మీద గంటల తరబడి నిలబడాలి. కాళ్ళు మొద్దుబారతాయి. తొడిమ తీసినా, రొయ్య ఒలిచినా చాలాచోట్ల కూలి కిలో లెక్కన. నెమ్మదిగా నడిస్తే ఆ మేరకు కూలి తగ్గుతుంది.

ఇన్ని కారణాలుండగా, ఆడమనిషి పడగానే నేను వినే మాట ఒక్కటే: "చూసుకుని నడవద్దూ?" మణికట్టు విరిగినా, తుంటి విరిగినా మందుల ఖర్చు ఆమెదే, పోయిన కూలీ ఆమెదే.

చట్టం ఈ మాట ఒప్పుకోదు. 1923 నాటి నష్టపరిహార చట్టం నుండీ సూత్రం ఒకటే: పనిలో, పని కారణంగా ప్రమాదం జరిగితే యజమాని పరిహారం ఇవ్వాలి. పరాకుగా నడిచిందన్నది తప్పించుకునే సాకు కాదు. తాగి ఉండటం, భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించటం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. జారే పదార్థాలు నేలమీద ఉండరాదని 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబరు 21న ఈ చట్టాల స్థానంలో 2020 నాటి కోడ్‌లు అమలులోకి వచ్చాయి. పరిహార సూత్రం సామాజిక భద్రతా కోడ్‌లో అలాగే ఉంది. పనికి వెళ్ళివచ్చే దారిలో జరిగిన ప్రమాదానికి కూడా, పనితో సంబంధం తేలితే, అది వర్తిస్తుంది. మేస్త్రీ తెచ్చిన కూలీ అన్నంత మాత్రాన అసలు యజమాని బాధ్యత పోదు. దెబ్బ వల్ల మూడు రోజులకు మించి పనిచేయలేకపోతే పరిహారం అడగవచ్చు.

అయితే ఈ హక్కు ఆసుపత్రి చీటీ దగ్గరే చేజారిపోతోంది. "ఇంట్లో పడ్డానని చెప్పు, ఖర్చు మేం చూసుకుంటాం" అంటారు. అలా రాయిస్తే తర్వాత నిరూపించటం చాలా కష్టం. "పనిలో జారిపడ్డాను" అనే డాక్టరుకు చెప్పండి. చోటు, వేళ రాయించుకోండి. యజమానికి కాగితం మీద తెలిపి నకలు దాచుకోండి. ఈఎస్‌ఐ ఉంటే ఆ ఆఫీసులో, లేకుంటే కార్మిక శాఖలో దరఖాస్తు పెట్టండి.

రబ్బరు బూట్లు, నీరు నిలవని నేల, తలుపు దగ్గర వెలుతురు ఎవరి దయాధర్మమూ కాదు. సంఘంగా వెళ్ళి అడగండి. ఈ సీజనులో ప్రతి ముఠాలో చదువొచ్చిన ఒకరి దగ్గర నోటుపుస్తకం ఉంచండి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు పడ్డారో, ఎవరు చూశారో ఆ రోజే రాయండి.