పలక మీద మన ఇంటి మాట

(సికింద్రాబాద్‌లో జరిగిన మన సాంస్కృతిక సమావేశంలో యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంతకుముందు మన ఆడపిల్లలు ఆడిన ఆట చూసి అందరం చప్పట్లు కొట్టాం. పాట, ఆట, నంగారా మన సంస్కృతి. పలక పట్టుకున్న చిన్న పిల్లకు అక్షరం నేర్పడం కూడా సంస్కృతి పనే అని నా నమ్మకం. ఎందుకో చెప్తాను.

నేను తండాలో పుట్టాను. బడికి పోయిన కొత్తలో సారు ఒక బొమ్మ చూపించి "ఇది ఎవరు?" అని అడిగారు. నేను గట్టిగా "యాడి" అన్నాను. తరగతంతా నవ్వింది. "అ అంటే అమ్మ అనాలి, యాడి ఏందిరా, అందులో అ ఎక్కడుంది?" అన్నారు సారు. ఆయన చెడ్డవారు కాదు, మన భాష ఆయనకు రాదు, అంతే. కానీ ఆ రోజు నుంచి చాలాకాలం నేను తరగతిలో నోరు తెరవలేదు. అందరూ నాకు చదువు రాదన్నారు. నాకు రానిది చదువు కాదు, తెలుగు. ఈ తేడా పట్టుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు మనం పట్నం వచ్చాం. కూలి పని కోసం మొన్న వచ్చిన ఇళ్లలో పిల్లలు ఇంకా నాలాగే నోరు మూసుకుని కూర్చుంటున్నారు. ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ మన ఇళ్లలో పిల్లలకు అక్షరాలు వచ్చాయి, గోర్ బోలి పోయింది. మా ఇంట్లోనూ అంతే, సిగ్గుపడుతూనే చెప్తున్నాను. ఒకరికి అక్షరం లేదు, ఇంకొకరికి భాష లేదు. ఈ రెండు నష్టాలకూ మందు ఒక్కటే: ఇంటి మాటతో అక్షరం నేర్పడం.

ఎలాగంటే, మూడు మాటలు తీసుకోండి. యాడి, బాటి, పాణి. అమ్మ, రొట్టె, నీళ్లు. ఇవి తెలియని మన పిల్ల ఉండదు. ముందు పలక వద్దు, చప్పట్లు కొట్టించండి. యా–డి, రెండు చప్పట్లు. బా–టి, రెండు చప్పట్లు. మాట ముక్కలవుతుందని చెవికి తెలియాలి. ఆ తర్వాతే ఒక్కో ముక్కకు ఒక్కో గుర్తు ఉందని చూపించండి. ఈ మూడు మాటల్లో య, డ, బ, ట, ప, ణ అనే ఆరు అక్షరాలు, దీర్ఘం, గుడి వచ్చేస్తాయి. యాభై ఆరు అక్షరాలు వరుసగా అప్పజెప్పే దాకా ఆగక్కర్లేదు.

రాయించేటప్పుడు తొందర వద్దు. నాలుగైదేళ్ల పిల్ల వేళ్లకు ఇంకా బలం రాదు. మొదట ఇసుకలోనో, పళ్లెంలో పోసిన పిండిలోనో వేలితో పెద్దగా దిద్దించండి. చింతగింజలు అక్షరం ఆకారంలో పేర్పించండి. తర్వాత పలక, ఆ తర్వాతే పెన్సిల్. వారానికి రెండు మూడు అక్షరాలు చాలు. ప, వ లాంటివి ఒకే రోజు నేర్పొద్దు, కలగాపులగం అవుతాయి. ఒకటి బాగా వచ్చాక రెండోది పక్కన పెట్టి, "ప"కు తలకట్టు విడిగా ఉంటుంది, "వ"కు కలిసి ఉంటుంది అని వేలు పెట్టి చూపించండి. అక్షరం తిరగేసి రాస్తే తిట్టొద్దు, ఆ వయసులో చాలామంది పిల్లలు అలా రాస్తారు. ఎంత నేర్పినా పట్టుకోలేకపోతుంటే కళ్లు, చెవులు పరీక్ష చేయించండి.

ఇంకో సంగతి. ఘ, భ లాంటి ఒత్తు అక్షరాలు పలకడం తెలుగు ఇళ్ల పిల్లలకు కష్టం. మన పిల్లకు "ఘర్", "ఘోడో" ఉగ్గుపాలతో వచ్చిన మాటలు. అందరికీ కష్టమైన అక్షరం మన పిల్ల ముందే నోట్లో పెట్టుకుని బడికి వస్తోంది. ఆ మాట ఆ పిల్లకు ఎవరైనా చెప్పాలి కదా!

ఇది నేను కనిపెట్టింది కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. 1943లో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో, హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో తయారు చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపితో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టారు. అందులో మన బంజారా భాష కూడా ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో చెప్పమంటోంది. విధానం కాగితం మీద ఉంది. పిల్ల మన గడప దగ్గర ఉంది.

అందుకే మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నా. ఆదివారం అరగంట. మీ బస్తీలో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. మీకే గోర్ బోలి సరిగా రాకపోతే ముందు నానమ్మ దగ్గర కూర్చుని ఐదు మాటలు అడిగి రాసుకోండి, మీకూ చదువే అవుతుంది. పిల్లల్ని తీసుకుని బయటికి నడవండి. బస్సు బోర్డు మీద "సికింద్రాబాద్"లో మన "బాటి"లోని "బా" ఎక్కడుందో వెతకమనండి. రైల్వే స్టేషన్ బోర్డు చూపించండి. ఒకే పేరు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో ఉంటుంది. ఒక మాటను ఏ లిపిలోనైనా రాయొచ్చని పిల్లకు అక్కడే అర్థమవుతుంది. మన మాటకు సొంత లిపి లేదని చిన్నబోవాల్సిన పనీ లేదు.

చివరగా ఒక చిన్న ఆట చెప్పి ముగిస్తాను. "బాటి"లో "బా" తీసుకుని దీర్ఘం తీసేయండి, "బ" మిగులుతుంది. "యాడి"లోంచి "డి" తెచ్చి పక్కన పెట్టండి. పిల్లను చదవమనండి.

"బడి."

రొట్టెలోంచి ఒక ముక్క, అమ్మలోంచి ఒక ముక్క తీసుకుంటే బడి అయింది. నా చిన్నప్పుడు ఇది ఎవరూ నాకు చూపించలేదు. మీరు వచ్చే ఆదివారం ఒక్క పిల్లకైనా చూపించండి.