కుడివైపు మూలన ఒక సంతకం

(శ్రీకాకుళంలో జరిగిన ఒక సాహిత్య సమావేశంలో స్థానిక చిత్రకారుడు చేసిన ప్రసంగ పాఠం)

 

నా కళను గురించి, నా కుటుంబాన్ని గురించి మాట్లాడమన్నారు. బొమ్మలు వేయడమే తప్ప ఉపన్యాసాలు అలవాటు లేనివాణ్ణి. అధ్యక్షులవారు ఇప్పుడే నా పూర్తి పేరు చదివి నన్ను మీకు పరిచయం చేశారు. ఆ పేరును పదకొండేళ్ళపాటు నా బొమ్మల కింద నేను రాసుకోలేదు. ఎందుకు రాయలేదో, మళ్ళీ ఎందుకు రాయడం మొదలుపెట్టానో మీతో చెప్పుకోవాలని వచ్చాను.

ముందు మన ఊరి మాట. ఇక్కడి జామియా మసీదును గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. అప్పటికి ఇంగ్లీషువారి దొరతనం ఈ సీమకు రాలేదు. వచ్చిన తరువాత వారు ఈ ఊరిని చికాకోల్ అని రాసుకున్నారు. ఇక్కడ నేసిన సన్నని మస్లిన్ బట్ట ఆ పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. పక్కనే ఉన్న పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రపరచి నూలు వడికే చేతులు నేటికీ ఉన్నాయి. బట్ట పేరు చరిత్రలో నిలిచింది. నేసినవారి పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముస్లింలం నూటికి ఒకరం కూడా లేము. అందుచేత కాబోలు, మమ్మల్ని చూసినవారు తరచు ఒక ప్రశ్న వేస్తారు. "మీది ఏ ఊరండీ?" అంటారు. "శ్రీకాకుళం" అంటే, "అది సరే, అసలు ఊరు?" అంటారు. అడిగేవారిలో చాలామందికి చెడు ఉద్దేశం ఉండదు. కాని మా దాదా తాతగారి సమాధి కూడా ఈ ఊరి ఖబ్రస్తాన్‌లోనే ఉన్నప్పుడు, ఇంతకంటె అసలైన ఊరు నేనెక్కడినుంచి తెచ్చి చూపించాలి?

మా దాదా దుకాణాల బోర్డులు రాసేవారు. జీడిపప్పు వ్యాపారి కొట్టుకు, బట్టల దుకాణానికి, హోటలుకు, డాక్టరుగారి గుమ్మానికి ఆయన చేతి తెలుగు అక్షరాలే ఉండేవి. రేకుకు రెండు పూతల రంగు వేసి ఆరబెట్టి, సుద్ద రాసిన దారాన్ని ఒక చివర నాచేత పట్టించి, రెండో చివర తాను పట్టుకుని మధ్యలో లాగి వదిలేవారు. తెల్లని గీత నిలువుగా, అడ్డంగా పడేది. ఆ గీతల మధ్య అక్షరాలు కూర్చోవాలి. "తలకట్టు సరిగా పడకపోతే అక్షరం బోడిదైపోతుందిరా" అనేవారు. ఇంటి దగ్గర రెల్లు కలంతో కుడినుంచి ఎడమకు ఉర్దూ రాసిన చేయి, బజారులో ఎడమనుంచి కుడికి తెలుగు రాసేది. ఆ రెండింటికీ మధ్య ఆయనకు ఎన్నడూ తగవు లేదు.

ఆయన ప్రాణుల బొమ్మలు వేయలేదు. అది ఆయన విశ్వాసం. మా అబ్బా మాత్రం సినిమా హోర్డింగులు వేసే పనిలో చేరి నిలువెత్తు ముఖాలు వేశారు. ఈ విషయమై తండ్రీకొడుకుల మధ్య ఏళ్ళ తరబడి ముభావం ఉండేది. ఒక పండుగకు విడుదలయ్యే సినిమా హోర్డింగు తెల్లవారేసరికి నిలబెట్టాలి. అబ్బాకు జ్వరం వచ్చి ముఖాలు ముగించేసరికి అర్ధరాత్రి దాటింది, పేరు మిగిలిపోయింది. దాదా ఏమీ మాట్లాడకుండా లాంతరు పట్టుకు వచ్చి, ముఖాలవైపు వీపు పెట్టి నిలబడి, ఆ సినిమా పేరు రాసి వెళ్ళిపోయారు. ఎవరి అభిప్రాయమూ మారలేదు. కాని కొడుకు పని ఆగిపోకూడదని తండ్రి అనుకున్నాడు. భిన్నాభిప్రాయాన్ని గౌరవించడమంటే ఏమిటో నేను పుస్తకాల్లో చదవకముందే ఆ లాంతరు వెలుగులో చూశాను.

నా మొదటి గురువులు ఆడవాళ్ళు. మా దాదీ పాత చీరలు చింపి బొంతలు కుట్టేది. ఏ ముక్క పక్కన ఏ ముక్క వేయాలో ఆమె చాలాసేపు ఆలోచించేది. "ఎరుపు పక్కన ఎరుపు వేస్తే రెండూ నిద్రపోతాయి" అనేది. రంగులను గురించి అంతకంటె మంచి పాఠం నాకు తరువాత ఏ తరగతిలోనూ దొరకలేదు. సంక్రాంతి నెలలో పక్కింటి అమ్మగారు ముగ్గు వేస్తుంటే పక్కన కూర్చుని చుక్కలు లెక్కపెట్టేవాణ్ణి. చుక్కను తాకకుండా దాని చుట్టూ గీతను ఎలా తిప్పాలో ఆమె నేర్పింది. ఈద్‌నాడు మా ఇంటి సేమ్యా గిన్నె వాళ్ళింటికి వెళ్ళేది. అది ఖాళీగా తిరిగి వచ్చిన జ్ఞాపకం నాకు లేదు.

యువకుడిగా విజయనగరం వెళ్ళినప్పుడు, అక్కడ చిత్రకళాశాల నడిపిన అంట్యాకుల పైడిరాజుగారి పేరు విన్నాను. ఆయన గీతలో ఈ ప్రాంతపు పల్లెజనం కనబడ్డారు. అదే ఊళ్ళో 1919లో నెలకొల్పిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. హరికథా పితామహుడైన ఆ పెద్దమనిషి పారశీకం నేర్చి, ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి తెచ్చారు. ఫారసీ పద్యం ఆయనకు పరాయిది కాలేదు. మరి తెలుగు అక్షరం మా దాదాకు పరాయిది ఎలా అవుతుంది?

ఇంత తెలిసి కూడా నేను తప్పు చేశాను. ఒక నగరంలో బొమ్మల వ్యాపారి ఒకరు నా పని మెచ్చుకుని, "బొమ్మ బాగుంది, కింద పేరే కొంచెం ఇబ్బంది. పొడి అక్షరాలు పెట్టండి, కొనేవాళ్ళు ఏ ప్రశ్నా అడగరు" అన్నారు. పిల్లల ఫీజులు కట్టవలసిన కాలం అది. పేరును రెండు పొడి అక్షరాలకు కుదించాను. బొమ్మలు అమ్ముడయ్యాయి. ఏ ప్రశ్నా రాలేదు. పదకొండేళ్ళు గడిచాయి.

ఒకసారి అమ్మీ నా ప్రదర్శనకు వచ్చింది. ఆమె నాలుగో తరగతి చదువుకుంది. ప్రతి బొమ్మ దగ్గరా ఆగి, కుడివైపు మూలకు వంగి చూసి, చివరికి నన్ను అడిగింది: "ఇవన్నీ ఎవరు వేశారు బేటా?" ఆమె ఎత్తిపొడవలేదు. నిజంగానే తెలియక అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆ పేరు ఏడో రోజున అకీఖా చేసి ఆమె పెట్టినది.

ఆ తరువాత వేసిన బొమ్మనుంచి పూర్తి పేరు తెలుగులో రాస్తున్నాను. దానివల్ల కొన్ని ఆర్డర్లు పోయాయి, ఆ సంగతి దాచను. కొందరు కొత్తవారు వచ్చారు. లెక్క సరిపోయిందని చెప్పలేను. రాత్రి నిద్ర మాత్రం సరిపోతోంది.

ఫ్లెక్సీలు వచ్చాక దాదా బోర్డులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. వాటికోసం నేను వెతికాను. ఒకే ఒక్కటి దొరికింది, ఒక మేకల పాకకు కప్పుగా. తుప్పు పట్టినా తలకట్టు చూడగానే అది ఆయన చేయి అని గుర్తుపట్టాను. ఆయన ఎన్నడూ కింద సంతకం పెట్టలేదు. "కొట్టు అతనిది, అక్షరం అందరిదీ, మధ్యలో నా పేరెందుకు?" అనేవారు. అది ఆయన వినయం. కాని నా తరువాత ఆ తలకట్టును గుర్తుపట్టేవారు ఎవరూ ఉండరు. అప్పుడు ఈ ఊరికి నలభై ఏళ్ళు పేర్లు రాసినవాడు ఒక ముస్లిం అని ఎవరు చెబుతారు?

సోదరులారా, హక్కు అడిగినవాణ్ణి మొదట కాగితం అడుగుతారు. ఖబ్రస్తాన్ హద్దు దగ్గర అయినా, బీసీ-ఇ ధ్రువపత్రం దగ్గర అయినా మనందరికీ అది అనుభవమే. మన పెద్దలు చాలావరకు కాగితం లేకుండానే బతికి, మంచి పేరు తెచ్చుకుని వెళ్ళిపోయారు. ఆ వెసులుబాటు ఇప్పుడు మన పిల్లలకు లేదు. అందుచేత నా విన్నపం ఒక్కటే. ప్రతి ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. దాదీ, నానీ చెప్పినవి వారి మాటల్లోనే రాయండి. ఎవరు ఏ పని చేశారో, ఏ వీధిలో ఉన్నారో, ఏ సమాధి ఎవరిదో రాయండి. పాత రాతిఫలకాల మీది అక్షరాలు చెరిగిపోకముందే ఫొటో తీసి, తేదీ వేసి దాచండి. మీ పిల్లవాడు గీసిన బొమ్మ కింద వాడి పేరు పూర్తిగా రాయించండి.

దాదా బోర్డును ఇప్పుడు మా ఇంటి ముందు గదిలో వేలాడదీశాను. దాని కుడివైపు మూల ఖాళీగా ఉంది. అక్కడ ఆయన పేరు రాయాలని ఎన్నోసార్లు కుంచె తీసి, మళ్ళీ పక్కన పెట్టాను. ఆయన వద్దన్న చోట నేను రాయలేను. చివరికి బోర్డు పక్కన గోడ మీద, ఆయన నేర్పినట్టే దారం కొట్టి, ఆయన పేరు తెలుగులో రాశాను. తలకట్లు సరిగానే పడ్డాయనుకుంటాను.