సముద్రంలో పల్లం ఎక్కడ?



జంషెడ్‌పూర్ వెళ్ళే వాళ్ళు టాటానగర్ స్టేషనులో దిగుతారు. అక్కడి పసుపు బోర్డు మీద ఊరి పేరుతో పాటు సముద్రమట్టానికి ఎంత ఎత్తో కూడా ఉంటుంది. ఆ ఊరి పక్కన పారే సువర్ణరేఖ దిగుతూ దిగుతూ బంగాళాఖాతంలో కలుస్తుంది. మరి సముద్రం చేరాక ఆ నీటికి ఇక ఎత్తుపల్లాలు లేవా?

ఉన్నాయి. భూమిని ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయిన నున్నని గోళంగా ఊహించి లెక్క కడదాం. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రం ఆ ఊహాగోళం కంటే సుమారు 106 మీటర్లు కిందికి ఉంటుంది. దీన్ని 1948లో డచ్ శాస్త్రవేత్త వెనింగ్ మైనెజ్ ఓడ మీద చేసిన గురుత్వాకర్షణ కొలతల్లో గుర్తించారు.

'నీరు పల్లమెరుగు' అంటారు కదా, మరి చుట్టూ ఉన్న నీరు అక్కడికి ఎందుకు పరుగెత్తదు? ఎందుకంటే ఏది పల్లమో నిర్ణయించేది గురుత్వాకర్షణే. భూగర్భంలో బరువైన పదార్థం ఉన్నచోట ఆకర్షణ ఎక్కువ. అది చుట్టుపక్కల నీటిని తనవైపు లాగి పోగు చేస్తుంది. పదార్థం తేలికైన చోట నీరు తగ్గుతుంది. అలా సర్దుకున్న ఉపరితలాన్ని జియాయిడ్ అంటారు. దాని మీద నీటికి ఎటూ వాలు లేదు. ఆ 'గుంట'లోకి వెళ్ళే ఓడకు దిగుతున్నట్లే తెలియదు.

ఈ లోటు ఎందుకు వచ్చింది? బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2023లో ఒక వివరణ ఇచ్చారు. పురాతన టెథిస్ సముద్రపు అడుగు భూమి లోతుల్లోకి కుంగి, ఆఫ్రికా కింద ఉన్న వేడి పదార్థాన్ని కదిలించింది. ఆ తేలికైన పదార్థం పైకి లేచి ఈ సముద్రం కిందికి చేరింది. సుమారు 2 కోట్ల ఏళ్ళ క్రితం ఈ పల్లానికి నేటి రూపం వచ్చింది.

ఇది మనకెందుకు? జీపీఎస్ మొదట లెక్కకట్టే ఎత్తు ఆ ఊహాగోళం నుంచే. విశాఖపట్నం తీరాన పొడి ఇసుకలో నిలబడినా అది సున్నాకు పదుల మీటర్లు కిందికే వస్తుంది. దాన్ని సవరించకుండా కాలువ తవ్వితే నీరు మన లెక్క వినదు. అందుకే పూర్వం ఎత్తుల కొలతకు ఆధారంగా తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లను కొలిచారు. వాటిలో విశాఖ ఒకటి.

మరో సంగతి. గ్రీన్‌లాండ్ మంచు కూడా తన బరువుతో సముద్రాన్ని దగ్గరకు లాక్కుంటుంది. అది కరిగితే అక్కడి తీరాన మట్టం తగ్గి, దూరాన ఉన్న మనలాంటి తీరాల్లో పెరుగుతుంది.

ఈసారి స్టేషను బోర్డు చూసినప్పుడు ఆ అంకె చదివి ఊరుకోకండి. అది ఏ సున్నా నుంచి కొలిచినదో అడగండి.