హెస్సెల్ రోడ్డు ఆడవాళ్లు



ఇంగ్లండు తూర్పున హల్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడ హెస్సెల్ రోడ్డు చుట్టూ ఉన్న ఇరుకు వీధుల్లో ఒకప్పుడు చేపలే బతుకుతెరువు. మగవాళ్లు ట్రాలర్లనే చేపల ఓడలెక్కి ఐస్‌లాండ్ వైపు మంచు సముద్రాల్లోకి వెళ్తే మూడు వారాలకు గానీ తిరిగొచ్చేవారు కాదు. ఇంటిపట్టున ఉండేది రెండు మూడు రోజులే. ఆ కాస్తలోనే చేతినిండా ఖర్చు చేసేవారు. అందుకే వాళ్లకు ‘మూడు రోజుల కోటీశ్వరులు’ అని పేరొచ్చింది. భర్త ఓడెక్కిన రోజు భార్య బట్టలు ఉతికేది కాదు. ఉతికితే సముద్రం మనిషిని లాగేసుకుంటుందని భయం. ఆ భయం వెనకున్న ప్రేమను తలచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

1968 చలికాలంలో కొద్ది వారాల తేడాతో మూడు ట్రాలర్లు మునిగాయి. 58 మంది పోయారు. వాటిలో ఒకదానిలో రేడియో ఆపరేటరే లేడు! చేపల ఫ్యాక్టరీలో పనిచేసే లిలియన్ బిలోకా తలకు రుమాలు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. తోటి ఆడవాళ్లతో కలిసి ఓడల్లో భద్రత కోరుతూ 10,000 సంతకాలు పోగుచేసింది. లండన్ వెళ్లి మంత్రుల ముందు కూర్చుంది. ప్రతి ఓడలో రేడియో ఆపరేటర్ ఉండాలన్న కోరిక నెరవేరింది. ఆమె ఉద్యోగం మాత్రం పోయింది. బెదిరింపు ఉత్తరాలూ వచ్చాయి.

1976లో ఐస్‌లాండ్ చుట్టూ 200 నాటికల్ మైళ్ల చేపల వేట హద్దును బ్రిటన్ ఒప్పుకోక తప్పలేదు. అక్కడ వేట ఆగిపోవడంతో ట్రాలర్లు ఒక్కొక్కటిగా పాత ఇనుముకు వెళ్లాయి. పాత వీధులు కూల్చేశారు. కుటుంబాలు ఊరి అంచున కట్టిన కొత్త ఇళ్లకు మారాయి. అక్కడినుంచి రేవు కనిపించదు.