చెవికి గాలియాడు హెడ్‌ఫోనులు



చెవులపై పెట్టుకొని వినెడి హెడ్‌ఫోనులలో వెనుకభాగము తెఱచియుండు రకమొకటి కలదు. అది యెవరికి తగునో, మితమైన సొమ్ముతో దానిని ఎట్లు ఎన్నుకొనవలయునో నేడు విన్నవింపదలచితిని. ఇది పట్టణపు పడుచువారి ముచ్చటయని పెద్దలు త్రోసివేయకుందురు గాక. వయసు మీఱినవారు రాత్రి భోజనానంతరము హరికథయో, పాటకచ్చేరియో, వార్తలో వినగోరుదురు. ధ్వని హెచ్చించినచో ప్రక్కగదిలో మనుమని చదువు చెడును. తగ్గించినచో తమకు వినబడదు. తుదకు పెద్దలే వినుట మానుకొందురు. జీవితమంతయు సంగీతమును ప్రేమించినవారు ముదిమియందు దానిని విడువవలసివచ్చుట నాకు కష్టముగ తోచును. ఈ ప్రసంగమునకు అదియే కారణము.

హెడ్‌ఫోను మనకు క్రొత్తది కాదు. 1924వ సంవత్సరమున చెన్నపట్టణములో రేడియో క్లబ్బు ఏర్పడి ప్రసారములు ప్రారంభించిన దినములలో, క్రిస్టలు సెట్టు గలవారు దానితోడనే వినవలసియుండెను. గదినిండ ధ్వనింపజేయు శక్తి ఆ సెట్టునకు లేకుండెను. 1958లో అమెరికాలో జాన్ కాస్ అను నాతడు రెండు చెవులకును వేర్వేఱుగ సంగీతము నందించు స్టీరియో హెడ్‌ఫోనును వెలువరించెను. జర్మనీలో హనోవరు నగర సమీపమున 1945లో ఫ్రిట్జ్ సెన్‌హైజర్ స్థాపించిన సంస్థ 1968లో హెచ్.డి. 414 అను దానిని విక్రయమునకు తెచ్చెను. వెనుక తెఱచియుండు హెడ్‌ఫోనులకు అదియే మొదటిది. చెవులకానించు పసుపుపచ్చని స్పాంజి దానికి గుర్తు.

వెనుక తెఱచుటవలన కలుగు ప్రయోజనమేమి? హెడ్‌ఫోనులో పలుచని పొర యొకటి యుండును. విద్యుత్తు ననుసరించి అది ముందునకును వెనుకకును కదలి గాలిని కంపింపజేయును. ముందువైపు ధ్వని చెవిని చేరును. వెనుకవైపు ధ్వని మూసిన హెడ్‌ఫోనులో డొప్పయందే చిక్కి, గోడలకు తగిలి కొంత మఱల పొరవైపునకే వచ్చును. తెఱచిన దానిలోనైతే జల్లెడవంటి కన్నముల గుండ వెలుపలికి పోవును. తలుపులు బిగించిన గదిలోని మాటకును, అరుగుమీది మాటకును గల భేదము మీరెఱిగినదే. ఇందును అట్టి భేదమే కలదు. పాట తలలోపల బంధింపబడినట్లుగాక కొంత విశాలముగ తోచును. చెవులకు ఉక్క తక్కువ. లోపమును చెప్పవలయును గదా: మృదంగపు ఎడమవైపు గంభీరనాదము తఱచుగ కొంత పలుచబడును.

అరుగుమీద కూర్చున్నవాడు ఇంటిలోని మాటయు వినును, వీధిలోని మాటయు వినును. ఈ హెడ్‌ఫోనును అంతియే. వాకిటి పిలుపు, వంటయింటి కేక, పశువు కట్టు త్రెంచుకొనిన సందడి చెవిని బడుచునే యుండును. ఇంటికి పెద్దదిక్కైనవారికి ఇది గొప్ప సౌకర్యము. సంగీతమునకై కుటుంబమునుండి వేఱుపడవలసిన పనిలేదు. కాని వెలుపలి ధ్వని లోనికి వచ్చినట్లే లోపలి ధ్వనియు వెలుపలికి పోవును. తలుపు మూసిన ప్రక్కగదికి బాధలేదు గాని, అదే గదిలో నిద్రించువారికి నిద్రాభంగము కలుగును. బస్సులోను, పిండిమరయొద్దను ఇది పనికిరాదు. అట్టి చోటులందు వినువారు మూసినదానినే కొనుట మేలు.

ఇక ఎన్నుకొను విధము. ఐదువేలు మొదలు పదిహేనువేల రూపాయల వఱకు గల వెలను నేను మితవ్యయమనుచున్నాను. గ్రామములోని గృహస్థునకు ఇదియు స్వల్పము కాదు. కావున ఒకసారి కొని చిరకాలము వాడదగిన దానిని చూడవలయును. వెల రెట్టింపైనంత మాత్రమున నాదము రెట్టింపు కానేరదు.

మొదట పరిశీలింపవలసినది ఇంపెడెన్సు. ఇది విద్యుత్తునకు హెడ్‌ఫోను కల్పించు అడ్డగింపు. దీనిని ఓములలో కొలుతురు. ఫిలిప్స్ వారి ఎస్.హెచ్.పి. 9500 అనునది 32 ఓములది. ఇట్టివి చేతిఫోనుతోడనే చక్కగ పలుకును. సెన్‌హైజర్ వారి హెచ్.డి. 560 ఎస్ 120 ఓములది. బేయర్‌డైనమిక్ వారి డి.టి. 990 ప్రో 250 ఓముల రకముగ ప్రసిద్ధము. 1997లో వెలువడిన హెచ్.డి. 600 అనునది 300 ఓములది. ఇట్టి హెచ్చు ఓముల వానికి తఱచుగ యాంప్లిఫయరు అను వేఱు పరికరము తోడు కావలయును. దాని వెలయు మనమే భరింపవలయును. కాడికి ఎద్దులజత కుదిరినట్లు ఫోనునకును హెడ్‌ఫోనునకును జత కుదరవలయును. ఓములతోపాటు సెన్సిటివిటీ అను కొలతనుగూడ అడుగుడు. అది హెచ్చుగ నున్నచో కొద్ది శక్తితోడనే బిగ్గరగ పలుకును.

రెండవది తీగ. ఇప్పటి చేతిఫోనులలో పెక్కింటికి 3.5 మిల్లీమీటర్ల పిన్ను దూర్చు రంధ్రము లేదు. అట్టివారు టైప్-సి అడాప్టరు నొకదానిని కొనవలసియుండును. తీగ ఊడదీసి మార్చుటకు వీలుగ నున్నచో, అది తెగినపుడు హెడ్‌ఫోనంతయు పాఱవేయ నక్కఱలేదు. చెవిమెత్తలును అట్లే మార్చదగినవిగ నుండవలయును. ఏండ్లు గడచినకొలది మొదట చెడునవి అవియే. ఆ మెత్తలు విడిగ దొరకునో లేదో కొనుటకు ముందే విచారింపుడు. రసీదు తప్పక తీసికొనుడు.

మూడవది తలకు కుదురుట. కళ్లజోడు గలవారు జోడు పెట్టుకొనియే పరీక్షింపవలయును. క్షణము పెట్టి తీసిన తెలియదు. ఇరువది నిమిషములు ధరించినగాని నొక్కుడు బయటపడదు. తోలువంటి మెత్తకంటె మఖమలువంటి మెత్త మన వేసవికి అనుకూలము.

నాలుగవది వినికిడి. అంగడివాడు వినిపించు పాటతో తృప్తిపడవలదు. మీకు కంఠస్థమైన కీర్తన నొకదానిని తీసికొనిపోయి వినుడు. తంబుర శ్రుతి ఎడతెగక వినబడుచున్నదా? వయొలిను పైస్థాయిలో చెవిని గ్రుచ్చుచున్నదా? సాహిత్యమున ప్రతి యక్షరము తెలియుచున్నదా? ఈ మూటికి మీ చెవి యిచ్చు సమాధానమే ప్రమాణము. పేరు ప్రతిష్ఠలు దాని తరువాతనే.

ఇక పెద్దలకు ప్రత్యేకముగ ఒక మాట. ముదిమియందు సాధారణముగ మొదట క్షీణించునది హెచ్చుస్థాయి ధ్వనుల వినికిడి. అందుచే అచ్చులు వినబడుచున్నను స, ష, త వంటి హల్లులు జారిపోవును. మాట వినబడును గాని అర్థము కాదు. అపుడు ధ్వనిని పెంచుచు పోవుట అపాయకరము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము 80 డెసిబెలుల ధ్వనిని వారమునకు 40 గంటలవఱకు వినవచ్చును. ధ్వని 90 డెసిబెలులకు పెరిగినచో ఆ కాలము 4 గంటలకు దిగును. ఏలనన పది డెసిబెలులు పెరుగుట యనగా ధ్వనిశక్తి పదింతలగుట. ఫోనులో డెసిబెలులు చూచుట తెలియనివారు, హెడ్‌ఫోను ధరించియుండగా చేరువనున్న మనుష్యుని సామాన్యపు మాట వినబడునంత మట్టునకే ధ్వనిని నిలుపుట మంచి అలవాటు. వెనుక తెఱచిన హెడ్‌ఫోనుతో ఈ పరీక్ష సులభము. చుట్టును సద్దెక్కువగ నున్నపుడు దానిని అణచుటకై పాటను పెంచవలదు. సద్దణగువఱకు ఆగుట మంచిది.

అట్లు ఆగినను మాట తెలియనిచో, లోపము హెడ్‌ఫోనుది కాకపోవచ్చును. హెడ్‌ఫోను వైద్యము కాదు. వినికిడి యంత్రమునకు మారును కాదు. అట్టివారు అంగడికి పోవుటకు ముందు చెవివైద్యుని యొద్దకు పోయి పరీక్ష చేయించుకొనుట యుక్తము. పరీక్షానంతరము ఏది కొనదగునో, అసలు కొనవలయునో లేదో తేటపడును.

వినికిడి బాగుగ నున్నవారు, తమ ఫోనుతో జతకుదురు దానిని, తలను నొక్కనిదానిని, మెత్తలు మార్చదగినదానిని, తమ కీర్తనతో పరీక్షించి కొందురు గాక. మనుమని చదువు సాగును. తాతగారి పాటయు సాగును. ఇంతటితో నా ప్రసంగమును ముగించుచున్నాను.