అదే బ్లాకు, అదే నంబరు

(నందవరంలో విశ్వకర్మ జయంతి నాడు మోటారు మెకానిక్కులు, లేత్ పనివాళ్ల సమావేశంలో చేసిన ఉపన్యాసం)



ఈ రోజు ఒకే ఒక ఇంజిను గురించి మాట్లాడతాను. 948 సీసీ, నాలుగు సిలిండర్లు, పెట్రోలుది. స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఇంజిను. యాభై దాటినవాళ్లకు ఆ బండి గుర్తుంటుంది. బానెట్టు, ముందు మడ్గార్డులు, లైట్లు అన్నీ కలిసి ఒకే ముక్కగా ముందుకు పడుకుంటాయి. టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. మెకానిక్ సుఖం ఆలోచించి చేసిన కార్లు చాలా తక్కువ, వాటిలో ఇదొకటి.

ఇటలీకి చెందిన మికెలొట్టి ఆ కారు రూపం గీశాడు. ఇంగ్లండులో ట్రయంఫ్ పేరుతో 1959లో వచ్చింది. 1961 నుంచి మద్రాసు పక్కన వండలూరులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు తయారుచేశారు. నాలుగు తలుపుల హెరాల్డ్ ఇంగ్లండులో లేదు, మన దేశంలోనే చేశారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1962లో ఇంగ్లండు వాళ్లు ఈ హెరాల్డ్ చాసిస్‌నే పొట్టి చేసి, ఈ ఇంజిను కుటుంబంలోదే 1147 సీసీ ఇంజినుకు రెండు కార్బొరేటర్లు కట్టి, స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. 1980 దాకా మూడు లక్షలకు పైగా అమ్మారు. కాబట్టి మన వైపు ఏ పత్తి షావుకారు ఇంటి షెడ్డులోనో దుమ్ము కొట్టుకుపోయిన హెరాల్డ్ ఉంటే, దాన్ని ముసలి డొక్కు కారు అనకండి. పేరున్న స్పోర్ట్స్ కారుకు అది తోబుట్టువు. థ్రస్ట్ వాషర్లు, టైమింగు చైను లాంటివి ఇంగ్లండులో ఇప్పటికీ చేస్తున్నారంటే స్పిట్‌ఫైర్ పుణ్యమే.

నా దగ్గరికి వచ్చిన హెరాల్డ్ కూడా అలాంటి షెడ్డులోంచి వచ్చిందే. యజమాని వాళ్ల నాయన కొన్న కారు. ఇంజిను పట్టేసింది. ఎక్కడికి తీసుకెళ్లినా ఒకటే సలహా ఇచ్చారట: దీన్ని తీసి పారేసి, చిన్న డీజిల్ ఇంజిను ఏదైనా కూర్చోబెడదాం, లీటరుకు ఇన్ని కిలోమీటర్లు ఇస్తుంది అని. మన వైపు జీపులకు, అంబాసిడర్లకు అదే చేశాం. ట్యాక్సీ తిప్పి పొట్ట పోసుకునేవాడికి అది అన్నం పెట్టింది, తప్పు పట్టను. కానీ యాభై ఏళ్లు దాటిన కారుకు ఆ పని చేయకూడదు. చట్టం కూడా ఇప్పుడు అదే అంటోంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో వింటేజ్ బండ్లకు వేరే రిజిస్ట్రేషను పెట్టారు. యాభై ఏళ్లు దాటిన బండి అయి ఉండాలి, చాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజినులో గానీ పెద్ద మార్పు చేసి ఉండకూడదు. అలాంటి బండికి 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్తగా చేయించుకుంటే ఫీజు 20 వేలు, పదేళ్లకు పనికొస్తుంది. డీజిల్ ఇంజిను ఎక్కించిన రోజే ఆ గౌరవం పోయినట్టు. అందుకే బ్లాకు మీద కొట్టిన నంబరు జోలికి పోవద్దు. శుభ్రం చేస్తున్నామని అక్కడ గ్రైండరు ఆడించే కుర్రాళ్లను చూశాను. బ్రష్షు, కిరోసిను చాలు.

ఇక పని. పట్టేసిన ఇంజినును రాడ్డు వేసి తిప్పకండి. ప్లగ్గులు తీసి, బోర్లలో డీజిల్, గేర్ ఆయిల్ కలిపి పోసి నానబెట్టండి. ఎన్నాళ్లు పడుతుందో ఇంజినే చెబుతుంది. కదిలాక దించండి. హెరాల్డులో గేర్‌బాక్సు కారు లోపలి నుంచే వస్తుంది. సీట్లు తీసి, మధ్యలో ఉన్న టన్నెల్ మూత విప్పితే చాలు. ఆ తర్వాత చైన్ పుల్లీకి ఇంజిను ఒక్కటే తగిలించి తేలిగ్గా లేపేయొచ్చు.

ఇంజినును దించే ముందు ఒక పరీక్ష ఉంది. ఈ ఇంజినుకు అదే ప్రాణం. కారులోనే ఉండగా ఒక మనిషిని క్లచ్ తొక్కమని, మీరు ముందుండి క్రాంకు పుల్లీని చూడాలి. పుల్లీ ముందుకూ వెనక్కూ కంటికి కనిపించేలా కదిలితే లోపల థ్రస్ట్ వాషర్లు అరిగిపోయాయని అర్థం. క్రాంకుకు మూడు మెయిన్ బేరింగులు ఉంటాయి. వెనక బేరింగు పక్కన, ముందొకటి వెనకొకటి, అర్ధచంద్రాకారంలో రెండు పల్చటి వాషర్లు కూర్చుంటాయి. క్లచ్ తొక్కిన ప్రతిసారీ క్రాంకు ముందుకు నెట్టుకుపోతుంది. ఆ బరువంతా వెనక వాషరు మోస్తుంది. సిగ్నల్ దగ్గర గేరులో పెట్టి క్లచ్ మీద కాలు పెట్టుకుని నిలబడే డ్రైవరు దాన్ని రోజూ తినేస్తుంటాడు. వాషరు బాగా పల్చబడితే జారి సంపులో పడుతుంది. ఆ తర్వాత క్రాంకు నేరుగా బ్లాకు ఇనుమునే గీకుతుంది. బ్లాకు పోయిందంటే నంబరు పోయింది, కారు పోయింది. చిన్న వాషరు కోసం ఇంత జరుగుతుంది.

మేము విప్పినప్పుడు డయల్ గేజ్ పుల్లీ మీద పెట్టి చూశాం. ఉండాల్సింది 4 నుంచి 8 థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, ఇక్కడికి వచ్చిన ఐటీఐ పిల్లల కోసం చెబుతున్నాను. మా ఇంజినులో దానికి ఎన్నో రెట్లు ఉంది. బ్లాకు మాత్రం దక్కింది. ఓవర్‌సైజు వాషర్లు దొరుకుతాయి. వేసేటప్పుడు గాడి ఉన్న ముఖం క్రాంకు వైపు ఉండాలి, ఆయిల్ అక్కడే నిలవాలి కాబట్టి. తిరగేసి వేస్తే బండి నడుస్తుంది, కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. వేసిన తర్వాత మళ్లీ డయల్ గేజ్ పెట్టి కొలవాలి. ఓవర్‌సైజు వేశాం కదా సరిపోయి ఉంటుందిలే అనుకోవడం పని కాదు.

బోరు విషయం కూడా ఇంతే. స్టాండర్డ్ బోరు 63 మిల్లీమీటర్లు. వేలితో పైకీ కిందకీ రాసి "మెట్టు పడింది, బోరు కొట్టాల్సిందే" అనడం మనకు అలవాటు. మెట్టు పడిందన్నది వేలికి తెలుస్తుంది, ఎంత పడిందో తెలియదు. పై రింగు ఆగే చోట వేడెక్కువ, ఆయిల్ తక్కువ, అందుకే అరుగు అక్కడ ఎక్కువ. బోరు గేజ్ పెట్టి పైన, మధ్యలో, కింద, రెండు దిక్కులా కొలవాలి. ఒక్కో సిలిండరుకు ఆరు అంకెలు. ఆ అంకెలు పుస్తకంలో రాసి పెట్టుకున్నాకే 20 థౌ సైజా, 30 థౌ సైజా అన్నది తేలుతుంది. ముప్పై అవసరం లేని చోట ముప్పై కొట్టడం అంటే ఆ ఇంజినుకు రాబోయే ఇంకో జన్మను కోసేయడమే. ఇంజినీర్లు ఆ ఇనుములో మనకోసం మందం వదిలిపెట్టారు. మనం ఒక్క పూటలో దాన్ని తురుము చేయకూడదు. పిస్టన్లు చేతికి వచ్చాకే బోరు కొట్టించండి. ప్రతి పిస్టనునూ మైక్రోమీటరుతో కొలిచి, దాని బోరుకు అది సరిపోయేలా హోనింగు చేయించాలి.

క్రాంకు గ్రైండింగు చేసే అన్నలకు ఒక మాట. జర్నల్ మూలల్లో ఉండే గుండ్రటి వంపును చదును చేయకండి. చక్రం అంచు పదునుగా ఉంటే మూల కోసినట్టు వస్తుంది, చూడ్డానికి అందంగానే ఉంటుంది. క్రాంకు విరిగేది సరిగ్గా అక్కడే. ఆయిల్ రంధ్రాల లోపల బురద గట్టిపడి ఉంటుంది, వైరు బ్రష్షుతో తోడి కడగాలి.

హెడ్డు దగ్గర కాలం మారింది. ఈ ఇంజిను పుట్టినప్పుడు పెట్రోలులో సీసం ఉండేది. అది వాల్వు సీట్లను కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. పోత ఇనుములోనే కోసిన పాత సీట్లు దీనితో క్రమంగా లోపలికి తినుకుపోతాయి. అందుకని ఎగ్జాస్ట్ వాల్వుల కిందైనా గట్టి సీట్లు దిగగొట్టించాలి. ఇప్పుడు ఇరవై శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు వస్తోంది. పాత రబ్బరు పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం దానికి తట్టుకోవు, ఉబ్బి చీలిపోతాయి. వేడి ఇంజిను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఇథనాలుకు తట్టుకునే రకం పైపులు అడిగి తెప్పించుకోండి. ఇవి రెండూ కంటికి కనిపించని మార్పులు, కారు అసలు రూపాన్ని చెడగొట్టవు, వీటికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను.

టైమింగు చైను స్ప్రాకెట్టులో ఒక ముచ్చట ఉంది. క్యామ్ చక్రానికి నాలుగు బోల్టు రంధ్రాలుంటాయి, రెండు జతలుగా. ఒక జత నుంచి ఇంకో జతకు మారిస్తే టైమింగు అర పన్ను జరుగుతుంది. చక్రాన్ని తిరగేసి బిగిస్తే పావు పన్ను జరుగుతుంది. అంత సున్నితంగా సరిచేసుకునే ఏర్పాటు మధ్యతరగతి కుటుంబం కొనుక్కునే కారులో పెట్టారు. గుర్తులు ఎదురెదురుగా వచ్చాయని వదిలేయకుండా, వాల్వులు తెరుచుకునే చోటును కూడా చూసుకుంటే ఆ రూపకర్తకు మనం మర్యాద చేసినట్టు. ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2, ట్యాపెట్ గ్యాపు చల్లగా ఉన్నప్పుడు 10 థౌ. ఇవి మీకు తెలిసినవే.

ఎక్కించేటప్పుడు కష్టం ఇంజినుతో కాదు, గేర్‌బాక్సు షాఫ్టుతో. క్లచ్ ప్లేటు నడిమధ్యకు లేకపోతే షాఫ్టు దూరదు. బలవంతంగా బోల్టులు బిగించి లాగితే ప్లేటు వంగుతుంది. పాత షాఫ్టు దొరకకపోతే లేత్ మీద గట్టి కర్రతో ఒక డమ్మీ తిప్పించుకోండి. మేము అదే చేశాం, గేర్‌బాక్సు చేతులతో నెడితే కూర్చుంది. సెల్ఫు కొట్టే ముందు ప్లగ్గులన్నీ తీసేసి ఇంజిను తిప్పండి, ఆయిల్ ప్రెషరు లేచేదాకా. ఆ తర్వాతే ప్లగ్గులు, ఆ తర్వాతే పెట్రోలు. వేడెక్కి చల్లారాక హెడ్డు బిగుతు, ట్యాపెట్లు మళ్లీ చూడాలి. మేము కట్టిన హెరాల్డ్ పొగ లేకుండా పలికినప్పుడు యజమాని ఏమీ మాట్లాడకుండా స్టీరింగు మీద చెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను చూడటానికి జనం వెళ్తారు, వెళ్లాలి కూడా. కానీ మన మధ్యతరగతి ఇళ్లకు చేరిన కార్లకు అలాంటి ప్యాలెస్‌లు లేవు. వాటిని కాపాడగలిగింది మన షెడ్లే. ఆదోని జిన్నింగు మిల్లుల షాఫ్టులు తిప్పిన లేత్ చేతులకు హెరాల్డ్ క్రాంకు పెద్ద పని కాదు. ఎమ్మిగనూరు నేతగాళ్లు పోగు లెక్క పెట్టుకుని మగ్గం ఎక్కినట్టు మనం కొలత రాసుకుని రెంచి పట్టాలి, అంతే తేడా. పనితనం మనకు ఉంది. రాసే అలవాటు లేదు. మన పెద్ద మేస్త్రీలు ఎందరో తమ తలలో ఉన్నదంతా తమతోనే తీసుకుపోయారు.

అందుకని నేను ఇక్కడున్న షెడ్డు యజమానులను అడిగేది రెండే. మీ షెడ్డులో ఒక బోరు గేజ్, ఒక డయల్ గేజ్ కొనండి, ఇంజిను కట్టిన ప్రతిసారీ కొలతలు తేదీతో సహా ఒక పుస్తకంలో రాయించండి, ఆ పుస్తకం మీ దగ్గర నేర్చుకునే పిల్లవాడి చేత రాయించండి. ఇక మీ ఊళ్లో ఎవరైనా పాత హెరాల్డునో, పాత ఫియెట్‌నో పాత ఇనుము కింద కిలోల లెక్కన అమ్ముతున్నారని తెలిస్తే, దయచేసి ఆ రోజే వెళ్లి ఆపండి. బ్లాకు పగలకుండా ఉంటే ఆ కారు నడుస్తుంది.